పీపాలోని పువ్వు

బెల్జియము దేశమున బ్రూజ్ నగరములో, డైవర్ కాలువ యొడ్డున, ఇటుకతో కట్టిన యొక పాత సౌధమునకు కూతవేటు దూరమున నున్న పానశాలలో, చలికాలపు సాయంకాల మొకనాడు నా ముందొక చిన్న గాజుపాత్ర నుంచిరి. అందులోనిది ఆ సీమ పద్ధతిని కాచిన ఏల్ బీరు. దానిలో సీమచామంతి పూలును, మల్లెవాసన పట్టించిన చైనా టీయును పడినవని వడ్డించిన యామె చెప్పినపుడు నాకు నవ్వు వచ్చిన మాట నిజము. జలుబు చేసినపుడు ఇంట ముసలమ్మలు కాచి యిచ్చు కషాయమునకును, పానశాలలో సొమ్మిచ్చి కొనుక్కొను మద్యమునకును నడుమ నుండవలసిన గోడను ఎవరో తుంటరి పడగొట్టినాడనుకొంటిని.

పాత్ర నెత్తి దీపపు వెలుగున చూచితిని. పలుచని మబ్బు కమ్మిన తేనెరంగు. పైన వెన్నవలె చిక్కని తెల్లని నురుగు. ముక్కునకు దగ్గరగా తెచ్చుకొనగానే మొదట తగిలినవి లవంగమును, మిగుల మాగిన అరటిపండును. చిత్రమేమనగా ఆ రెండింటిలో నేదియు అందులో వేయలేదు. లాగర్ బీరును పులియబెట్టు ఈస్టు పది డిగ్రీల చలిలో నెమ్మదిగా పనిచేయునది కాగా, బెల్జియము వారి ఏల్ ఈస్టు ఇరువది డిగ్రీలు దాటిన వెచ్చదనములో ఉరవడిగా పొంగి, ఆ ఉరవడిలో పండ్ల వాసనలను, లవంగపు వాసనను తానే పుట్టించును. లవంగము లేని లవంగపు ఘాటు ఆ దేశపు బీరునకు పుట్టుమచ్చ వంటిది. ఒక గుక్క నోట నుంచుకొన్న పిమ్మట సీమచామంతి తెలిసినది: ఎండుగడ్డియు, ఆపిలుతొక్కయు కలిసినట్టి యొక మెత్తని పరిమళము. మల్లె మాత్రము మ్రింగినదాక దాగియుండి, ఊపిరి విడిచినపుడు ముక్కు వెనుకనుండి పలుకరించినది. కట్టకడపట, నాలుక ప్రక్కలను పట్టుకొని, పచ్చి జామకాయ కొరికినట్లు, టీ వగరు. బీరునకు సహజమని మన మెరిగిన చేదు ఇందులో ఉన్నదా యన్నంత స్వల్పము.

నవ్వు రెండవ గుక్కతో పోయినది. కిటికీలోనుండి కనబడుచున్న ఆ ఇటుక సౌధము పేరు గ్రూట్‌హూస్, అనగా గ్రూట్ ఇల్లు అని తెలిసినవాడను గనుక, నే నిప్పుడు వింతయని త్రాగుచున్నది ఆ యింటివారు శతాబ్దముల క్రిందటనే పాతబడినదని విడిచిపెట్టిన పద్ధతి యని, ఆలస్యముగానైనను స్ఫురించినది.

గ్రూట్ అనగా నేమి? మధ్యయుగమున ఈ సీమలో బీరునకు రుచి యిచ్చినది హాప్ గాదు. చిత్తడి నేలలలో మొలచు గాగెల్ అను సుగంధపు పొదయాకు దానికి ప్రధానము. దానితోపాటు యారో అను తెల్లపూల మొక్కయు, అడవి రోజ్‌మేరీయు, ఇంకను ఆయా ఊళ్ళవారికి తోచిన ఓషధులును చేరెడివి. వీటి నెండబెట్టి, పొడిచేసి, మాల్టుపిండితో కలిపి అమ్మెడివారు. కాబట్టి కొన్నవానికి లోపల నేమున్నదో, ఎంత యున్నదో తెలియు దారి లేదు. ఆ రహస్యమే దానికి విలువ. ఈ మిశ్రమమును తయారు చేయుటకును, అమ్ముటకును గల హక్కు రాజుది. రాజు దానిని మఠములకో, బిషప్పులకో, తనకు కావలసిన ప్రభువులకో దయచేయును. బీరు కాచుకొనువాడెవడైనను ఆ హక్కుదారు నొద్దనే గ్రూట్ కొనవలెను. 974లో రెండవ ఒట్టో చక్రవర్తి ఫోస్ అను చోట నిట్టి హక్కును లియేజ్ బిషప్పైన నోట్గర్‌కు ఇచ్చినట్లు శాసనాధారము కలదు. ఈతవనముల వేలమును, ఆబ్కారీ గుత్తలను ఎరిగిన తెలుగువానికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. మందు ఒకడు త్రాగును, పులియబెట్టువాడొకడు, మధ్యనుండి మేడ కట్టువాడొకడు.

బ్రూజ్ నగరమున ఆ మేడ కట్టినవారే గ్రూట్‌హూస్ వంశీయులు. మొదట గ్రూట్ నిలువచేయు కొట్టుగా నున్న స్థలమున వారు క్రమముగా రాజభవనమునకు తీసిపోని నివాసమును నిర్మించుకొనిరి. ఊరి పేరుగాక సరకు పేరే ఇంటిపేరై పోయినది. వారిలో ప్రసిద్ధుడు లూయీ, 1492లో మరణించినవాడు, బర్గండీ ప్రభువుల కొలువులో అగ్రగణ్యుడు, చిత్రాలంకృతములైన వ్రాతప్రతులను ప్రోవుచేసిన రసికుడు. ఇంగ్లండు రాజైన నాలుగవ ఎడ్వర్డు సింహాసనము కోల్పోయి 1470 చలికాలమున పరదేశియై వచ్చినపుడు ఈ లూయీయే ఆతని నాదరించి తన యింట నుంచుకొనెను. మరల రాజ్యము చేజిక్కినపుడు ఎడ్వర్డు ఆ మేలు మరువక 1472లో ఈయనకు వించెస్టర్ ఎర్ల్ బిరుదము నిచ్చెను. అదే యేట లూయీ తన మేడనుండి ప్రక్కనున్న మేరీమాత దేవాలయములోనికి తెరచుకొనునట్లు ఒక చిన్న ప్రార్థనామందిరమును కట్టించుకొనెను. గడప దాటకుండ, చలికి వణకకుండ, పైనుండి గర్భాలయమును చూచుచు పూజ వినవచ్చును. ఆ కిటికీ నేటికిని ఉన్నది. దానియొద్ద నిలుచున్నపుడు నాకు భక్తికన్న ముందు, పీపాకింత యని లాగిన పన్నుసొమ్ము ఎంత యెత్తునకు కొనిపోగలదోయను ఊహ వచ్చినది. ఇందుకు ఆ ప్రభువు నన్ను క్షమించవలెను.

ఇంతలో హాప్ వచ్చినది. వచ్చినదనుట కూడ సరికాదు. పొదలలో అదివరకే యున్నది. అది గంజాయి కుటుంబములోని తీగ. దాని ఆడమొక్క పూచు పచ్చని పూగుత్తులు చిన్న దేవదారు కాయలవలె పొరలుపొరలుగా నుండి, ఆ పొరల మూలమున పసుపుపచ్చని జిగురుపొడిని దాచుకొనియుండును. చేదును, వాసనయు, కాపాడు గుణమును ఆ పొడిలోనివే. 822లోనే కోర్బీ మఠాధిపతియైన అడల్‌హార్డ్ తన మఠపు నియమావళిలో బీరు సందర్భమున హాప్‌ను పేర్కొనెను. పండ్రెండవ శతాబ్దమున హిల్డెగార్డ్ అను విదుషీమణి, సన్యాసిని, అది మనుష్యునిలో విషాదమును పెంచుననియు, అయినను పానీయములను చెడకుండ కాచుననియు వ్రాసినది. ఆమె చెప్పిన రెండవ మాటయే లోకమును మార్చినది. గ్రూట్ వేసిన బీరు కొలదిదినములలో పులిసి చెడును; చెడకుండవలెనన్న ధాన్యము మెండుగా వేసి చిక్కగా కాచవలెను. హాప్ వేసినది తక్కువ ధాన్యముతోనే నెలల తరబడి నిలుచును, పీపాలకెక్కి ఓడలో ప్రయాణము చేయును. హాంబుర్గ్, బ్రేమెన్ రేవుల వర్తకులు ఈ సంగతి గ్రహించి, పదమూడు పదునాలుగు శతాబ్దములలో తమ హాప్‌బీరును సముద్రతీరము పొడుగున ఎగుమతిచేసి, ఫ్లాండర్స్ నగరములవారి నోటికి ఆ చేదును అలవాటు చేసిరి.

ఇంకొక సౌకర్యముకూడ దానికి కలదు: హాప్ మీద ప్రభువుకు గుత్త లేదు. గాగెల్ పొడిని గ్రూట్ ఇంట కొనవలెను, హాప్‌తీగ ఎవని దొడ్డిలోనైనను ప్రాకును. ఈ పూవు గెలుపులో రుచికి భాగమెంతో, పన్ను తప్పించుకొనవలెనను కోరికకు భాగమెంతో విడదీసి చెప్పుట కష్టము. రుచిని గూర్చి మాటలాడువారు సుంకమును మరచిపోవుదురు గావున నేను రెండవదాని పక్షమున నొక మాట ఎక్కువగానే చెప్పుచున్నాను. ప్రభువులు మాత్రము నష్టపోలేదు. గ్రూట్ కొనువారు కరవైనపుడు, బీరు పీపాపైననే సుంకము విధించు హక్కును గ్రూట్‌హూస్‌వారు పొందిరి. సరకు మారినది, వసూలు మారలేదు.

చూడగా జరిగినది పువ్వునకు పువ్వు పోటీ. నేడు బీరులో పువ్వేమిటని నావలె నవ్వువాడు, తాను నిత్యము త్రాగు బీరులోని చేదు ఒక పూగుత్తి దేనని మరచి నవ్వుచున్నాడు. ఫ్లాండర్స్ పడమటికొసన, ఫ్రాన్సు సరిహద్దు చేరువ నున్న పోపరింగ అను ఊరికి పోయినచో ఈ మరపు తొలగిపోవును. అచ్చట ఎత్తైన గుంజలకు తీగలు కట్టి పొట్లపాదులవలె హాప్‌ను ప్రాకించెదరు. పాత హాప్‌గిడ్డంగిలో నొక ప్రదర్శనశాల కలదు. మూడేండ్ల కొకమారు హాప్ ఉత్సవము చేయుదురు. అన్నిటికన్న నాకు నచ్చినది, వసంతారంభమున నేలలోనుండి అప్పుడే తలయెత్తు తెల్లని హాప్ మొలకలను కోసి, మనము చింతచిగురునకు ఎదురుచూచినట్లు ఎదురుచూచి, గుడ్డుతో కూర వండుకొనుట. చేదునకు పేరుపడిన మొక్క లేతతనమున ఎంత కమ్మగా నుండునో తిన్నవారికే తెలియును.

1516లో బవేరియా ప్రభువులు ఇంగోల్‌స్టాట్ నగరమున చాటించిన శాసనము బీరులో బార్లీ, హాప్, నీరు తప్ప వేరేమియు నుండరాదని విధించినది. ఆ శాసనపు నీడ క్రమముగా జర్మనీ అంతట పరచుకొనగా, బెల్జియమున నట్టి కట్టుబాటు ఎన్నడును లేకపోయినది. కనుకనే హాప్ గెలిచిన తరువాతను ఓడిన ఓషధులు దేశాంతరము పోవలసిన పని లేక, ఏ పల్లెలోనో, ఏ వంటింటనో తలదాచుకొనగలిగినవి. బ్రబాంట్ ప్రాంతమున హూగార్డెన్ అను గ్రామము ఇందుకు సాక్షి. పచ్చి గోధుమలు, బార్లీ మాల్టు, కొంత ఓట్లు, వాటితో ధనియాలును, కిచ్చిలితొక్కయు దంచివేసి అచ్చట తెల్లని పలుచని బీరు కాచెడివారు. ధనియాలనగానే మన నోట చారు రుచి మెదలుట సహజము. ఆ బీరును త్రాగినవాడు ఆ పోలికను త్రోసిపుచ్చలేడు. పదునెనిమిదవ శతాబ్దమున ఆ చిన్న గ్రామమున ముప్పదికి పైగా బట్టీలుండెడివి. తరువాత లాగర్ బీరు వచ్చి, యుద్ధములు వచ్చి, ఒక్కొక్కటిగా మూతపడి, 1957లో టామ్సిన్ వారి కడపటి బట్టీ కూడ ఆరిపోయినది.

ఆ బట్టీ ప్రక్కనే నివసించుచు, పిల్లతనమున అందులో పనులకు సాయపడిన పియర్ సెలిస్ అనునాయన పాలు పంచి జీవించువాడు. ఊరివారు ఆ బీరు రుచి తలచుకొని నిట్టూర్చుట విని విని, 1960ల నడుమ తన యింటియొద్దనే, పాతవి కొన్న రాగిపాత్రలతో దానిని మరల కాచుట మొదలుపెట్టెను. ధనియాలు, కిచ్చిలితొక్క మరల పీపాకెక్కెను. 1985లో అగ్నిప్రమాదము బట్టీని దహించివేసినది. తిరిగి కట్టుకొనుటకు పెద్ద సంస్థ నుండి పెట్టుబడి తీసికొనవలసివచ్చినది. పిదప కొంతకాలమునకు బట్టీయే ఆ సంస్థ పరమైనది. సెలిస్ వృద్ధాప్యమున అమెరికాకు పోయి, టెక్సస్ రాష్ట్రమున ఆస్టిన్‌లో 1992లో క్రొత్త బట్టీ పెట్టెను. 2011లో ఆయన మరణించునాటికి, ఆయన పల్లెబీరు ననుకరించి కాచని దేశము అరుదు. నేడు పూలను, టీని, పండ్లను ఏల్‌లో కలుపువారందరును తెలిసియో తెలియకయో ఈ పాలవాని వెనుక నడచుచున్నవారే. బ్రస్సెల్స్‌లోని కాంతియోన్ వారు గాలిలోని ఈస్టుతోనే పులియు లాంబిక్‌లో ఎల్డర్ పూలను నానవేయుదురు. ఆర్డెన్ కొండలలోని ఫాంతోమ్ వారు సీమ తోటలలో కలుపుమొక్కగా పీకివేయు డాండిలియన్ పూలతో కాచిరి. కెనడాలో మాంట్రియల్ నగరమున బెల్జియము తరహా తెల్లబీరు నొకదానిని మందారజాతి పూలతో గులాబిరంగు తేర్చుచున్నారు. ఇట్టి పుల్లని ఎర్రరంగు పానీయములకు వాడుక పడిన మొక్క మన ఎర్రగోంగూర జాతిదే యని తెలిసినచో తెలుగు చదువరికి ఆ గ్లాసుతో చుట్టరికము కలిసిపోవును.

బెల్జియమున బీరు కాచు ట్రాపిస్టు సన్యాసుల గూర్చి లోకమెల్ల వ్రాసియున్నది గనుక నేనిచ్చట ఎక్కువ చెప్పను. వెస్ట్‌మాల్ మఠమున 1836లో తమ భోజనమునకై బీరు కాచుకొనుట మొదలిడిన ఆ మౌనులకన్న, ఆ దేశపు బీరు బలమునకు 1919నాటి యొక చట్టము కారణమగుట నాకెక్కువ వింతగా తోచును. ఎమీల్ వాండర్‌వెల్డ్ మంత్రి పేర ప్రసిద్ధమైన ఆ చట్టము పానశాలలలో సారాయి అమ్మకమును నిషేధించినది. ఘాటు కోరువాడు బీరునే ఆశ్రయింపగా, బట్టీలవారు బీరునే ఘాటుగా కాచిరి. మద్యమును తగ్గింపబోయినవాడు దానికి క్రొత్త రూపమిచ్చుట అచ్చటనే కాదు, ఇంకను చాలచోట్ల జరిగిన కథ.

ఇక టీ మాట. ఇది బీరుపాత్రలో పడుట ఈ కాలపు చిన్న బట్టీలవారి సరదా; కాని ఆ యాకు ఫ్లాండర్స్ తీరమునకు క్రొత్తది గాదు. 1722 డిసెంబరులో ఆరవ చార్లెస్ చక్రవర్తి, అప్పుడు తన యేలుబడిలో నున్న ఈ సీమ వర్తకుల కంపెనీకి ఓస్టెండ్ రేవు కేంద్రముగా తూర్పుదేశముల వ్యాపారముచేయ సనదు నిచ్చెను. మద్రాసుకు దక్షిణమున చోళమండల తీరము మీది కోవళమునను, వంగదేశమున హుగ్లీ ఒడ్డు బంకీబజారునను వారు కోఠీలు పెట్టుకొనిరి. చెన్నపట్టణమునుండి మహాబలిపురము పోవు దారిలో కోవళమును దాటిపోయిన తెలుగువారెందరో గదా. అచ్చట నొకప్పుడు ఫ్లాండర్స్ ఓడలకు విడిదియుండెనని తలచినవారు కొందరే. అయితే వారికి అసలు లాభము బట్టలలోకంటె టీలో వచ్చెను. కాంటన్ రేవున కొన్న టీపెట్టెలు ఓస్టెండ్‌లో దిగి వేలమై, వాటిలో పెద్దభాగము చీకటిమాటున ఇంగ్లీషు తీరమునకు చేరెడిది. ఏలనన ఇంగ్లండున టీపై సుంకము దుర్భరము. మరల సుంకమే! గ్రూట్‌ను ఓడించినదానిలో దానికి పాలున్నట్లే, టీని నడిరాత్రి పడవ లెక్కించినదియు నదే.

ఇంగ్లీషువారును, డచ్చివారును ఊరకుందురా? కూతురు మరియా తెరీసాకు తన తరువాత సింహాసనము దక్కవలెనను కోరిక చార్లెస్‌ను పీడించుచుండెను. ఇతర రాజుల సమ్మతి కావలెను. సమ్మతికి వారడిగిన మూల్యములలో ఈ కంపెనీ యొకటి. 1727లో దాని వ్యాపార మాపివేయబడి, 1731నాటి వియన్నా సంధితో దాని కథ ముగిసినది. ఒక యాడుబిడ్డ పట్టాభిషేకమునకై ఒక దేశపు టీవ్యాపారమును కట్నముగా నిచ్చివేయుట చరిత్రలో అరుదైన లావాదేవి. పదియేండ్లైనను నిండని ఆ వైభవము లేకున్నను ఐరోపా టీ త్రాగియే యుండును. అయినను బ్రూజ్‌లో టీ వేసిన బీరు త్రాగుచు ఓస్టెండ్‌ను తలవకుండుట నాకు సాధ్యపడలేదు. ఆ రేవు అక్కడికి పట్టుమని పాతిక కిలోమీటర్లు లేదు.

కాయువాని దృష్టితో చూచినచో పువ్వునకును, టీకిని ఒకటే నియమము: వానిని మరగించరాదు. హాప్ నుండి చేదు రావలెనన్న గంటసేపు మరగవలెను; పూల పరిమళమైన నూనెలు ఆ యావిరితోనే ఎగిరిపోవును. అందుచేత మంట ఆర్పిన పిమ్మట పూలు వేసి మూతపెట్టుదురు, లేదా పులియుట ముగిసిన తరువాత గుడ్డసంచిలో కట్టి నానవేయుదురు. టీ యెక్కువసేపు వేడిలో నున్నచో ఎంత వగరగునో పొయ్యిమీద మరచిన గిన్నె చూచిన ఇల్లాలికి తెలియును. చల్లని నీట గంటలకొలది నానవేసి ఆ తేటను కలుపుట మేలు. వగరు తనంత తాను బీరునకు వెన్నెముకవలె నిలుచును, హాప్ తగ్గిన లోటును కొంత పూరించును. మల్లె టీ సంగతి మరియు సున్నితము. చైనావారు రాత్రులందు విరియు మొగ్గలను ఆకుతో కలిపియుంచి, తెల్లవారి పూలను ఏరివేసి, మరునాడు క్రొత్త మొగ్గలతో మరల కలుపుదురు. పూవు పోవును, ఆకునకు వాసన మిగులును. పూలతో పాటు నారకు వాసన యని మనము సామెతగా చెప్పుకొనునది అచ్చట ఒక పరిశ్రమయై కూర్చున్నది.

ఇదంతయు వాసనకొరకు పువ్వును పిలుచుట. పువ్వునే పులియబెట్టుట వేరు. ఆదిలాబాదు అడవులలో ఎండకాలపు వేకువను ఇప్పచెట్ల క్రింద రాలిన లేతపసుపు పూలనేరు గోండు స్త్రీలకు ఆ రెండవది పుట్టుకతో తెలిసిన విద్య. ఇప్పపువ్వునందే చక్కెర యున్నది గనుక వేరే ధాన్యము నడుగదు, ఎండబెట్టి, నానబెట్టి, పులిసిన దానిని బట్టీ పెట్టినచో సారా యగును. నిజాము కాలపు ఆబ్కారీవారు దానిపై కన్ను వేయకపోలేదు. మన ఆయుర్వేదపు ఆసవారిష్టములలో ధాతకీపుష్పములు పడుట ఈ రెండింటికిని నడిమి దారి. పులియుటకు తోడ్పడుటకే ఆ పువ్వు. ఇన్ని విధముల పువ్వును మద్యముతో ముడివేసిన దేశమునుండి పోయి, బ్రూజ్‌లో సీమచామంతిని చూచి నవ్వితినే యని సిగ్గుపడితిని.

సీసాలోనే మరల పులియునట్లు చేయుట బెల్జియము వారి వాడుక కనుక, అడుగున ఈస్టు మడ్డి పలుచగా పేరుకొనియుండును. నాకు వడ్డించిన యామె ఆ కడపటి భాగమును పాత్రలో పోయక సీసాలోనే నిలిపి, బల్లపై ప్రక్కగా నుంచినది. కొందరు దానిని త్రాగరట, కొందరు కడుపునకు మంచిదని అడిగి పోయించుకొందురట. నాకు పోయవలెనా యని కనుసైగతో నడిగినది. పోయమంటిని. తేనెరంగు మట్టినీటివలె కలగినది, మల్లె అణగినది, రొట్టెపిండి వాసన పైకొన్నది. కిటికీ వెలుపల గ్రూట్ ఇంటి దీపములు కాలువలో కదలుచుండెను. నాలుక ప్రక్కలను టీ వగరు మాత్రము ఇంకను విడువలేదు.